అమ్మమ్మ వైపు తిరిగిన దరువుల పెట్టె

నేను బోర్డులు రాసేవాణ్ని. ఇప్పుడంటే బోర్డులన్నీ మిషన్లో అచ్చయి చాపల్లా చుట్టుకుని వస్తున్నాయి గానీ, ఒకప్పుడు మా వీధిలో కొట్టు తెరవాలంటే ముందు నా కుంచె తడవాల్సిందే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. గొడుగుల కొట్టుకు నేను వేసిన బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, వాన వస్తే జనం లోపలికి వెళ్లి గొడుగు కొనకుండా ఆ బోర్డు కింద నిలబడి, ఒళ్లు తడవకుండా ఇంటికి పోయేవాళ్లు. బేరాలు పోతున్నాయని కొట్టువాడు లబోదిబోమంటే, నిచ్చెనెక్కి బొమ్మ గొడుక్కి రెండు చిల్లులు పెట్టి వచ్చాను. పంకాల కొట్టుకు రాసిన బోర్డు వల్ల ఎదురింటాయనకు పడిశం పట్టింది. గ్రంథాలయం వాళ్లకు ‘నిశ్శబ్దం’ అని రాసిస్తే, తగిలించిన సాయంత్రమే అక్కడి గోడ గడియారం ఆగిపోయింది.

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా మా ఆవిడ ఈపాటికి నా నోరు మూయించి ఉండేది. ఆవిడకు ఇవేవీ వినపడవు, అది వేరే సంగతి.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగది ఆవిడది, పక్కనున్న వసారా నాది. మా ఇద్దరి మధ్యా గుమ్మం ఉంది గానీ తలుపు లేదు, కాబట్టి కాపురమంతా ఎదురెదురుగానే గడిచింది. ఆవిడ చెవులు ఒక్కసారిగా పోలేదు. ముందు పక్షులు పోయాయి, తర్వాత ఫోను మోగడం పోయింది, తర్వాత నేను. చెవిలో పెట్టుకునే మిషను కొన్నాళ్లు సాయం చేసింది. ఆ తర్వాత దానికీ అందనంత దూరం వెళ్లిపోయింది వినికిడి. ఇప్పుడు పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. అందరి మాటా తెలుస్తుందట, నాది తప్ప. నా మీసం అడ్డమట.

"తీసి పారెయ్యండి ఆ మీసం! ఏం మాట్లాడుతున్నారో తెలిసి చావదు," అంటుంది.

తెలిస్తే నాకే ప్రమాదం కదా అని నేను దాన్ని ఇంకాస్త పెంచుతున్నాను.

కుట్టుమిషను చప్పుడు కూడా ఆవిడకు ఇప్పుడు వినపడదు. "వినపడకపోతే ఏం? కాలికి తెలుస్తుంది," అంటుంది. పనికి లోటు రాలేదు. లోటల్లా మనుషుల దగ్గరే వచ్చింది. ఓసారి చుట్టాలింట్లో భోజనాల దగ్గర ఎవరో ఏదో అంటే అందరూ నవ్వారు. ఈవిడ అందరి మొహాలూ చూసి తనూ నవ్వింది. అప్పటికి అందరి నవ్వూ అయిపోయింది. ఒక్క ఆవిడ నవ్వే మిగిలింది. తలలన్నీ అటు తిరిగాయి. ఆవిడ పళ్లెంలో కూర ఇంకాస్త వడ్డించారు. అంతే, ఆ రోజు నుంచి నలుగురు చేరే చోటికి రమ్మంటే ఏదో ఒక కుట్టుపని అడ్డం పెడుతుంది.

ఇక మా మనవరాలు. పెద్దమ్మాయి కూతురు. మా మేడ మీద గదిలో ఉంటూ, పగలు ఏదో ఆఫీసుకు వెళ్లొస్తుంది. పేరు ఏదైనా, ఇంట్లో అందరికీ ‘చిటికె’. పుట్టినప్పుడు ఏడవకుండా చిటికె వేసిందని నేను చెబుతాను గానీ, వాళ్లమ్మ ఒప్పుకోదు. అన్నం తింటూ పళ్లెం మీద, నడుస్తూ గోడ మీద, మాట్లాడుతూ ఎదుటివాడి భుజం మీద దరువు వేసే పిల్ల. ఒకరోజు ఎవరో వాడి వదిలేసిన పెట్టె ఒకటి పట్టుకొచ్చింది. పెద్ద పుస్తకమంత ఉంది. మురికి బూడిదరంగు, మూల చిన్న పగులు, నెత్తిన తిప్పే బిళ్లలు, వాటి కింద నాలుగు వరుసల్లో నాలుగేసి రబ్బరు గళ్లు.

"ఏమే, లెక్కల మిషను కొన్నావా?" అన్నాను.

"డ్రమ్ మెషీన్ తాతా. ఒక్కో గడిలో ఒక్కో చప్పుడు దాచుకోవచ్చు. వేలితో కొడితే పలుకుతుంది."

కొట్టి చూపించింది. టకటకమని మా కుట్టుమిషను పలికింది! తిరిగి చూస్తే ముందుగదిలో మా ఆవిడ మిషను దగ్గర లేనే లేదు. చిటికె ఎప్పటినుంచో ఫోను పట్టుకుని ఆ గదిలో చప్పుళ్లన్నీ ఏరుకుంటోందట. కాలితో తొక్కే పెడలు, చక్రం, సూది, సుద్దముక్క గీత, గుండీల డబ్బా గలగల, ఇస్త్రీపెట్టె దించినప్పటి దబ్బు, గుడ్డ చింపిన పర్రు, కత్తెర. వాటన్నిటితో పాట కట్టింది. అందులో నా తుమ్ము కూడా ఉంది. నన్నడగకుండానే.

"తుమ్ము ఎందుకే అందులో?"

"అమ్మమ్మ గదిలో రోజూ వినపడేదే కదా! నీది తుమ్ము కాదు తాతా, టపాసు."

గ్రంథాలయం పైనున్న హాల్లో కొత్తగా పాటలు కట్టేవాళ్ల కార్యక్రమం ఉంది. చిటికెను వాయించమన్నారు. ఆ పిల్లకు అదే మొదటిసారి. గబగబా మెట్లు దిగి వాళ్లమ్మమ్మ ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ రమ్మని అడిగింది. మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తింది.

"నన్ను తీసుకెళ్లి ఏం చేస్తావే? కొట్లలో గౌన్లు తొడిగి నిలబెట్టే చెక్కబొమ్మ లేదూ, దాన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టు. దానికీ నాకూ తేడా ఏముందక్కడ? అది నయం, తప్పుచోట నవ్వదు."

చిటికె వసారాలోకి వచ్చి నా పక్కన స్టూలు మీద కూలబడింది. వేళ్లు కదలడం లేదు. ఆ పిల్ల వేళ్లు కదలకుండా ఉండగా నేను అదే మొదటిసారి చూడడం.

"ఆ పాట అమ్మమ్మది తాతా. ఆవిడే రాకపోతే నేను ఎవరికి వాయించను? మానేస్తాను, పో."

"మానేస్తే మానెయ్. అయితే ఈ మొహం ఇలా పెట్టుకుని నా ముందు కూర్చోకు, రంగులు విరిగిపోతాయి."

కాస్త నవ్వింది. పెట్టెను ఒళ్లో తిప్పి తిప్పి చూసింది. "తాతా, గళ్ల కింద చిన్న దీపాలున్నాయి. కొట్టినప్పుడల్లా వెలుగుతాయి గానీ ఈ మందపు రబ్బరులోంచి కనపడవు. దీని రూపు మార్చాలి. ఏ చప్పుడు ఎప్పుడొస్తోందో అమ్మమ్మకు కంటితో తెలియాలి. ఆవిడకు కనపడేలా చెయ్యి. కనపడితే వస్తుంది."

పని దొరికింది! చాలాకాలంగా నా కుంచెలు సీసాలో తలకిందులుగా తపస్సు చేస్తున్నాయి. ఆ సాయంత్రమే రబ్బరు గళ్ల మీద ఎనామిల్‌తో బొమ్మలు వేసేశాను. మర్నాడు చిటికె వాయించి లేచి ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఎవరో అడిగారట, బొటనవేలి మీద కత్తెర పచ్చబొట్టు ఎప్పుడు పొడిపించుకున్నావని. నా బొమ్మలన్నీ ఊడి పిల్ల వేళ్లకు అంటుకుపోయాయి. రబ్బరు ప్రతి దెబ్బకీ సాగుతుంది, ఎనామిల్ సాగదు. రేకు మీదా గాజు మీదా తప్ప వేయని చెయ్యి, దానికేం తెలుసు?

అప్పుడు పెట్టె పట్టుకుని మా పక్కకొట్టు గరగర దగ్గరికి వెళ్లాను. రేడియోలు బాగుచేస్తాడు. వాడి కొట్లో ఎప్పుడూ ఏదో ఒక రేడియో గరగరమంటూనే ఉంటుంది, అందుకని ఆ పేరు. మూత విప్పి, మరలన్నీ టీ కప్పులో వేసి లోపలికి తొంగిచూశాడు.

"అన్నా, ఈ రబ్బరు తీసేసి దళసరి గాజులాంటి రబ్బరు వేద్దాం, పారదర్శకంగా ఉంటుంది. దీపాలు కూడా కాస్త గట్టివి అతుకుతాను. నువ్వు బొమ్మలు రబ్బరు మీద కాదు, అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద వెయ్యి. దెబ్బ తగిలినా బొమ్మ చెదరదు."

"లోపల బల్బు వెలిగే బోర్డన్నమాట."

"అన్నమాట."

"మరి ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా! అలాంటివి నేను ఎన్ని వేశానో తెలుసా? నేను వేసిన ఐస్ బోర్డు కింద ఎండాకాలం పిల్లులు పడుకునేవి."

"తెలుసన్నా. పడుకుని జలుబుతో లేచేవి. పోయిన వారమే చెప్పావు."

ఇక నేను వసారా గుమ్మానికి దుప్పటి అడ్డం కట్టుకుని కూర్చున్నాను. పల్చటి రంగులు, వెలుతురు దాటేవి, కలుపుకున్నాను. పెడలు గడికి ముదురు నీలం, చక్రానికి ఎరుపు, సూదికి తెలుపు వదిలేసి చుట్టూ నలుపు. గుండీల డబ్బాకు రంగురంగుల చుక్కలు. కత్తెరకు పసుపు, నోరు తెరుచుకుని ఉన్నట్టు. నా తుమ్ము గడిలో నా ముక్కే వేశాను. మీసం కూడా వేద్దామనుకున్నాను గానీ, గడి చాల్లేదు. పెట్టెకు ఆకుపచ్చ పూసి, పాత బోర్డు చట్రం కోసి రెండు పక్కలా కర్ర చెక్కలు బిగించాను, పెట్టె బల్ల మీద ఏటవాలుగా నిలబడేట్టు. కాగితాన్ని రబ్బరు అడుగున పట్టు విడవని జిగురుతో అతికించాను. గరగర మరలన్నీ బిగించాడు. ఒకటి మిగిలింది. "ఇది ముందునుంచీ ఎక్కువే," అన్నాడు.

కార్యక్రమం ముందురోజు సెలవు. పెట్టెను మా ఆవిడ గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, చిటికెను పిలిచాను. మా ఆవిడ పెరట్లో ఉతికిన బట్టలు తీస్తోంది. చిటికె గుడ్డ లాగింది. కళ్లు ఇంతయ్యాయి. నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మెడ అటు వంచింది, ఇటు వంచింది.

"తాతా, బొమ్మలన్నీ తలకిందులుగా ఉన్నాయేంటి?"

"నీకలా కనపడతాయి. అటువైపు వెళ్లి చూడు."

"అటువైపు నుంచి ఎవరు చూస్తారు?"

"చూడ్డానికి వచ్చినవాళ్లు! బోర్డు రాసేది కొట్లో కూర్చున్నవాడి కోసమా, వీధిలో పోయేవాడి కోసమా? లోపలివాడికి తన కొట్లో ఏముందో తెలుసుగా."

"ఇది బోర్డు కాదు తాతా, వాయిద్యం! అయ్యో, ఏటవాలు కూడా అటే పెట్టావు. నా వైపు ఎత్తు, అటువైపు పల్లం. మోచేతులు గాల్లో పెట్టుకుని వాయించాలా?"

"నువ్వే కదే, మీ అమ్మమ్మకు కనపడేలా అన్నావు?"

చిటికె పెట్టెను ఎత్తి అడుగుభాగం చూసింది.

"సరే, పెట్టెనే తిప్పితే నా వేళ్లకు గళ్లన్నీ తారుమారవుతాయి. ఆ కాగితం ఊడదీసి ఇటు తిప్పుదాం," అంది.

"తిప్పితే కత్తెర గడిలోకి పెడలు వస్తుంది. చక్రం గడిలోకి నా ముక్కు వస్తుంది."

"పోనీ కొత్తది వేస్తావా?"

"వేసేవాణ్నే. ఆ జిగురు ఊడదు. చాలా మంచి జిగురు." చివరి మాట మెల్లగా అన్నాను.

చిటికె రెండుసార్లు వాయించబోయింది. తలకిందులుగా వెలిగే బొమ్మ మీదికి కన్ను పోవడం, వేలు తడబడడం. సూది కొట్టాల్సిన చోట గుండీలు గలగలమన్నాయి. ఆపేసింది. కోప్పడినా బాగుండేది. నా భుజం తట్టి, "ఏం ఫర్వాలేదులే తాతా, బొమ్మలు మాత్రం భలే ఉన్నాయి. కళ్లు మూసుకుని వాయిస్తాను. ఎలాగూ ఆవిడ రాదుగా," అంది.

కళ్లు మూసుకుంది. వేళ్లు వాటి దారి అవి వెతుక్కున్నాయి. నేను వసారాలోకి వచ్చి, శుభ్రంగా ఉన్న కుంచెలనే మళ్లీ కడుగుతూ కూర్చున్నాను.

అప్పుడు మా ఆవిడ బట్టల మూటతో పెరటి గుమ్మంలోంచి వచ్చింది. సుద్దముక్క కోసం బల్ల దగ్గరికి నడిచింది, చిటికెకు ఎదుటి వైపు. చెయ్యి సుద్ద మీద ఉంది, చూపు పెట్టె మీద ఆగింది. నీలంగా పెడలు వెలిగింది. ఎర్రగా చక్రం. పెడలు, చక్రం, సూది, సూది, సూది. ఇస్త్రీపెట్టె ఒక్కసారి భగ్గుమంది. మళ్లీ పెడలు.

నేను ఆవిడ చేతుల్ని చూడలేదు. పాదం చూశాను. మడమ లేచింది, దిగింది. మళ్లీ లేచింది. నీలం దీపంతో పాటే.

"ఇది నా మిషను కదూ!" అని అరిచింది. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకు తెలియదు. వీధిలో గరగర రేడియో కట్టేశాడు.

చిటికె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. అమ్మమ్మ మొహం చూసి ఆపకుండా వాయిస్తూనే తల ఊపింది.

"ఇదిగో కత్తెర... నా పాత కత్తెరే, పిడి విరిగింది కూడా వేశారు! ఇవి గుండీలు. ఇది సుద్ద." వేలితో ఒక్కో గడీ చూపిస్తూ, ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. "అన్నీ నా వైపుకు వేశారు. నాకోసం ఇటు తిప్పి వేశారా?"

ఆవిడ నన్ను అలా చూసి చాలాకాలమైంది. అలాంటప్పుడు నిజం చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడికి పెళ్లి కాలేదని అర్థం. రెండు చేతులూ చాచి, మరి ఎవరికోసం, అన్నట్టు తల ఎగరేశాను. ఆవిడ వెనక నుంచి చిటికె నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు బాకీ నేను ఇంకా తీర్చలేదు.

"ఈ ముక్కు ఎవరిది?" అంటూ మా ఆవిడ దాన్ని నొక్కింది.

హాఛ్! నా తుమ్ము నా వెనకే పేలినట్టయి స్టూలు మీంచి ఎగిరిపడ్డాను. కుంచెల సీసా దొర్లింది. చిటికె పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏమైంది? ఏమైందే?"

చిటికె నన్ను చూపించి, ముక్కు ఎగబీల్చి తుమ్మి చూపించింది. మా ఆవిడ పెట్టెను చూసింది, నన్ను చూసింది. మళ్లీ నొక్కింది. నేను మళ్లీ ఎగిరాను, ఈసారి కావాలని. మళ్లీ నొక్కింది.

"కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈయన తుమ్మితే సూది చేతిలో గుచ్చుకోవడమే. ఆపమంటే ఆపారా? ఇప్పుడు చూడు, నా వేలి కింద ఉన్నారు!"

చిటికె అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. పెదాలు బాగా కదుపుతూ చెప్పింది, "అమ్మమ్మా, నీ పక్క వరుస నీది. నాకు అందడం కష్టం. ఈ నీలం చూస్తూ ఉండు. గుండీలు, సుద్ద, ముక్కు, నీ ఇష్టం వచ్చినప్పుడు. కత్తెర మాత్రం చివర్లో. కత్తెర పడితే పాట ఆగిపోయేలా పెట్టాను."

"ఎక్కడ? ఇక్కడేనా?"

"రేపు. హాల్లో. నా ఎదురుగా కూర్చుని."

మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మూటలోంచి ఒక చొక్కా తీసి మడత పెట్టింది. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. చివరికి పెట్టె అంచును గోటితో తడిమి, "ఈ బల్ల తెల్లగా ఉంది, దీపాల రంగు తేలడం లేదు. అక్కడ అడుగున నల్లగుడ్డ పరవాలి. నా దగ్గరుంది, అంచు కుట్టి ఇస్తాను," అంది.

అలా వచ్చింది.

హాల్లో బల్లను అడ్డంగా వేశారు. ఇటు చిటికె, అటు అమ్మమ్మ, మధ్యలో నల్లగుడ్డ మీద ఆకుపచ్చ పెట్టె. నేనూ గరగరా మొదటి వరుసలో కూర్చున్నాం. మా దాకా వచ్చేది దీపాల రంగులే, బొమ్మ ఒక్కటీ కనపడదు. ఇన్ని బోర్డులు రాశాను, వీధి వీధంతా చదివింది. ఒక్క మనిషి చదవడానికి రాసింది మాత్రం అదొక్కటే.

పెడలు మొదలైంది. మా ఆవిడ కొత్తచోటికి వచ్చిన పిల్లలా బిగుసుకుని కూర్చుంది. జనం వైపు చూడడం లేదు. నీలాన్నే చూస్తోంది. బల్ల కింద మడమ మాత్రం కదులుతోంది. కొంతసేపటికి గుండీలు గలగలమన్నాయి. తర్వాత సుద్ద గీసుకుంది. చిటికె సూదిని పరుగు పెట్టించింది, ఇస్త్రీపెట్టె దబ్బుమంది. సరిగ్గా అంతా ఊపులో ఉన్నప్పుడు మా ఆవిడ ఓరకంట నన్ను వెతికి పట్టుకుని, ముక్కు మీద వేలు పెట్టింది.

హాఛ్!

హాలు హాలంతా పగలబడి నవ్వింది. నేను చూస్తున్నది ఆవిడ మొహమే. తలెత్తింది. ఆ మొహాలన్నీ నవ్వుతున్నాయి. ఎందుకు నవ్వుతున్నాయో ఆవిడకు తెలుసు. అందరికంటే ముందే తెలుసు. తనూ నవ్వింది, వాళ్లతో పాటే, ఒక్క క్షణం కూడా వెనకపడకుండా. వాళ్లు ఆపబోతుంటే మళ్లీ నొక్కింది.

పాట చివరికి వచ్చింది. చిటికె కళ్లతో సైగ చేసింది, కత్తెర. మా ఆవిడ చెయ్యి లేపి కత్తెర మీదికి తెచ్చింది. చక్రం ఎర్రగా తిరుగుతూనే ఉంది. దాన్ని చూసింది, మనవరాలిని చూసింది, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"గుడ్డ ఇంకా ఉందే!" అంది, హాలంతా వినపడేలా.

చిటికె నవ్వు ఆపుకోలేక మళ్లీ పెడలు అందుకుంది. నేను జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాను.

"ఏమైందన్నా?" అన్నాడు గరగర.

"తుమ్మొచ్చింది."

"చప్పుడు రాలేదే?"

"ఎలా వస్తుందిరా? చప్పుడంతా ఆ పెట్టెలోకి పోయింది కదా."